చెరువు అడుగున దోసపాదులు

మా కాలనీ వెనక చెరువు చుట్టూ ఇప్పుడు నడవడానికి దారి వేశారు. పొద్దున్నే మోకాళ్ల నొప్పులవాళ్లం అంతా అక్కడే కలుస్తాం. దారి మలుపులో కొత్తగా ఒక బోర్డు వెలిసింది. "లోతు ఎక్కువ. నీళ్లలోకి దిగరాదు" అని ఎర్ర అక్షరాలు. మొన్న దాన్ని చదివి నాకు నవ్వు ఆగలేదు. పక్కన నడుస్తున్న మా మూడో అంతస్తు అమ్మాయి "ఏమైంది ఆంటీ?" అంది. "ఏం లేదమ్మా. ఆ బోర్డు ముందు నీళ్లున్నాయే, సరిగ్గా అక్కడ కూర్చుని నేను దోసపండు తిన్నాను" అన్నాను. "పడవలోనా?" అంది. "కాదు. నేల మీద, చతికిలబడి." ఆ పిల్ల నన్ను చూసిన చూపు చూస్తే, ఇంటికి పోగానే మా అబ్బాయికి ఫోన్ చేసి నా ఆరోగ్యం గురించి అడుగుతుందేమో అనిపించింది.

తప్పు ఆ పిల్లది కాదు. వాళ్లు ఇక్కడికి వచ్చిననాటి నుంచి ఈ చెరువు ఏడాది పొడవునా నిండుగానే ఉంది. చెరువులు మాయమైపోయాయని అందరూ బాధపడతారు. మా చెరువు మాయం కాలేదు, కళ్లముందే ఉంది. మాయమైంది దాని అడుగు. దాని మీద నడిచినవాళ్లం ఈ చుట్టుపక్కల ఇంకెంతమందిమి మిగిలామో నాకు తెలియదు.

మా నాయిన లారీ షెడ్డులో పనికి కుదిరి, ఎల్బీనగర్ చౌరస్తాకు కొంత దూరంలో రెండు గదులు కిరాయికి తీసుకున్నప్పుడు నాకు తొమ్మిదో పదో ఏళ్లు. నల్గొండ పల్లె నుంచి లారీలో సామాను, సామాను మీద మేము. అప్పటికి కాలనీ అంటే హద్దురాళ్లు, వాటి మధ్య తుమ్మచెట్లు, అక్కడొకటి ఇక్కడొకటి ఇల్లు. దిల్‌సుఖ్‌నగర్ పోవడమంటే పట్నం పోవడమే. ఆ రోజు నా తలకు నూనె రాసి కొత్త రిబ్బన్లు కట్టేవారు. ఇంటి వెనక నాలుగడుగులు వేస్తే చెరువు.

మాతో వచ్చిన నాయినమ్మకు మాత్రం పట్నం ఒక్క రోజు కూడా నచ్చలేదు. ఇంట్లో షాబాద్ బండలు, వాకిట్లో సిమెంటు. "కూసుంటె మన్ను లేదు, నిలవడితె మన్ను లేదు. గిదేం బతుకు?" అని గొణుక్కుంటూ గడప మీద కూర్చునేది. పొలం పని తప్ప ఇంకో పని ఎరగని చేతులు. ఆ చేతులకు ఏం తోచక నా జడ రోజుకు రెండుసార్లు విప్పి అల్లేది. నాకు ప్రాణం పోయేది.

చెరువంటే గిన్నెలా ఉంటుందని చాలామంది అనుకుంటారు. మాది పళ్లెం. అది కూడా ఒక పక్కకు కాస్త ఒరిగిన పళ్లెం. ఒరిగిన పక్కన రాతికట్ట, కట్ట కింద తూము. కట్ట చివర నల్లటి బండ మీద అలుగు. చెరువు నిండితే మిగిలిన నీళ్లు ఆ బండ మీంచి జారి నాగోల్ వైపు, మూసీలోకి పోయేవి. కట్ట దాపున తప్ప ఎక్కడా పెద్ద లోతు లేదు. నడిచెరువులో పెద్దవాళ్లకు నడుము దాకా, అంతే. బడంగ్‌పేట్ వైపు నేల ఎంత నెమ్మదిగా ఎత్తు పెరిగేదంటే, చెరువు ఎక్కడ ఆగిందో ఒడ్డు ఎక్కడ మొదలైందో చెప్పడం ఎవరి తరమూ కాదు. తూము దగ్గర నీళ్లు జానెడు దిగితే చాలు, ఆ చివర ఎంతో దూరం నేల బయటపడేది.

ఎండలు ముదిరేకొద్దీ నీళ్లలోంచి రాతిగుండ్లు ఒక్కొక్కటే పైకి తేలేవి. ముందు తాబేలు గుండు, తర్వాత బర్రె గుండు. అన్నిటికంటే ఆఖరున ముసలమ్మ గుండ్లు, మూడు, ముచ్చట్లు పెట్టుకుంటున్నట్టు దగ్గరదగ్గరగా. బర్రె గుండు వీపు కనబడితే ఒంటిపూట బడులు వచ్చేసినట్టే. మా పిల్లలకు అదే క్యాలెండరు.

బయటపడ్డ నేల కూడా ఒక్క తీరుగా ఉండేది కాదు. మొదట మొరం, గరుకు ఇసుక. తర్వాత బూడిదరంగు మన్ను, దాని నిండా తెల్లటి నత్తగుల్లలు. కట్టకు దగ్గరపడితే నల్లటి ఒండ్రు. పైన ఎండి బెత్తెడు వెడల్పు బీటలు, కింద మాత్రం వెన్నముద్ద, కాలు పెడితే మోకాలు దాకా. వీటన్నిటినీ కోసుకుంటూ ఒక ఇసుకచార వంకరలు తిరుగుతూ కట్ట దాకా పోయేది. కొత్తగా నీళ్లు తీసిన ఆ నేలకు పచ్చిచేపలు, తుంగవేళ్లు, ఎండిన పాచి అన్నీ కలిసిన వాసన. అమ్మకు ఆ వాసన వస్తే కడుపులో తిప్పేది. నాకు ఆకలయ్యేది.

ఇదంతా నాకు చెప్పినవాడు నీరటి తాత. నీరటి అంటే చెరువు నీళ్ల మీద పెత్తనం చేసే మనిషి. తూము ఎప్పుడు లేపాలి, ఏ పొలానికి ఎంతసేపు వదలాలి అన్నీ ఆయన చేతిలో ఉండేవి. కట్ట కింద పొలాలు అప్పటికే సగం ప్లాట్లయిపోయినా ఆయన మాత్రం చేతికర్ర పట్టుకుని రోజూ కట్ట మీద ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచేవాడు. "గా ఇసుక చార ఏందో ఎరుకనా బిడ్డా? కట్ట కట్టకముందు ఈడ పారిన వాగు. మీద ఎన్ని నీళ్లు నిలిచినా దాని తొవ్వ అది మర్వలేదు" అని ఆయనే చెప్పాడు.

ఎండాకాలం నీళ్లు వెనక్కి పోతుంటే, వదిలిపోయిన తడి నేలలో కట్ట కింది ఊరివాళ్లు దోస, బొబ్బర, కూరాకు పెట్టుకునేవారు. బయటివాళ్లకు ఆ హక్కు లేదు. నాయినమ్మ ఒకరోజు పొద్దున్నే కట్ట మీదికి పోయి తాతను నిలదీసినంత పని చేసింది.

"అన్నా, నాకింత జాగ చూపెట్టు. కౌలు అంటవా, పంటల పాలు అంటవా, ఏదన్న ఇస్త."

తాత నవ్వాడు. "కౌలెందుకు చెల్లె? మా ఊరి పోరగాండ్లు నౌకర్లకు పోతున్నరు. మన్ను ముట్టెటోడు లేడు. నీకు చాతనైనంత పెట్టుకో."

నాయినమ్మ అందరికంటే కింద, కట్ట దాపున నల్లమట్టి పక్కనే జాగా ఎంచుకుంది. "గంత కిందికి వద్దు, నీళ్లు ముందుగాల ఆడికే ఒస్తయ్" అన్నాడు తాత. "మా ఊళ్లె కింది మడి దొరుకుడంటె నసీబు అన్నా. పదును ఉన్నకాడనే పంట" అంది ఆమె. మా ఊళ్లో ఒకే ఒక కుంట, అదీ ఏళ్ల తరబడి ఎండే. పల్లం అంటే ఆమెకు భాగ్యం తప్ప భయం తెలియదు.

ఆమె నడుముకు దోపుకునే గుడ్డసంచిలో వక్కలతో పాటు బూడిదలో కలిపి మూటగట్టిన దోసగింజలు ఉండేవి. మా ఊరి చారల దోస. లేతప్పుడు ముదురాకుపచ్చ చారలు, పండితే ఒళ్లంతా పసుపు, చారల వెంట పగుళ్లు. బావులు అడుగంటి ఊళ్లో ఒక్కొక్కరే దాన్ని పెట్టడం మానేశారు. వచ్చేముందు నాయినమ్మ ఇల్లిల్లూ తిరిగి అడిగితే ఎవరి ఇంట్లోనూ గింజ లేదు. ఆమె దగ్గరున్నవే ఆఖరు. ఈ మాట ఆమె మా ఇంట్లో ఎన్నిసార్లు చెప్పిందో, నాయిన ఎన్నిసార్లు "సరేనే అమ్మా" అన్నాడో లెక్కలేదు.

సాళ్లు పెట్టిన రోజు నేను పడీపడీ నవ్వాను. ఒక్క సాలూ తిన్నగా లేదు, అన్నీ వంకరే. నీళ్ల అంచు ఎలా ఉంటే సాలు అలా ఉండాలని తాత నేర్పాడు. అప్పుడు సాలు ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒకే తడి ఉంటుంది. ఎనిమిది రోజులకోసారి నీళ్లు ఇంకాస్త వెనక్కి పోయేవి, ఆ కొత్త అంచు వెంట ఇంకో సాలు. నీళ్లు పోయాల్సిన పని లేదు. నాయినమ్మ గడప మీద గొణగడం మానేసింది. నా జడకు ముక్తి దొరికింది.

కాయలు మొదలయ్యాక మా ఇంట్లో పొద్దున దోసకాయ పప్పు, మాపటికి జొన్నరొట్టెలోకి దోసకాయ తొక్కు. పక్కింట్లో నా ఈడు పిల్ల ఉండేది. వాళ్లూ పల్లె నుంచి వచ్చినవాళ్లే. ఆదివారం తెల్లగౌను వేసుకుని చర్చికి పోయేది, మిగిలిన ఆరు రోజులూ నాతో మట్టిలో ఉండేది. వాళ్ల నాయిన బురదలో చేతులు పెట్టి కొర్రమట్టలు పట్టేవాడు. వాళ్లింట్లో చేపల పులుసు కాగుతుంటే నేను ఏదో ఒక వంక పెట్టుకుని పోయేదాన్ని. నాయినమ్మ వాళ్లకు కాయలు పంపేది, వాళ్లు పులుసు గిన్నె పంపేవారు. ఎదురింట్లో కృష్ణా జిల్లా నుంచి వచ్చిన ఆంటీ ఒకామె. ఆమెకూ వాటా పోయేది.

ఎవరికి ఎన్ని పంచినా మూడు కాయలు మాత్రం ఎవరూ ముట్టకూడదు. అవి విత్తనం కాయలు. బలమైన తీగ చూసి, నాలుగో కాయో అయిదో కాయో ఎంచి, తొడిమకు ఎర్రగుడ్డ పేలిక కట్టింది నాయినమ్మ. కాకులు పొడవకుండా ఎండుతుంగ కప్పింది. పేలిక కొస ఒక్కటే బయటికి కనబడేది. ఇక తీగ ఎండేదాకా ఆ తుంగ తీసి చూడదు. కాయ పండి, మాగి, లోపల పులిసిపోయేదాకా ఉంచితేనే గింజ గట్టిపడుతుందట. ఆ తర్వాత కండ బర్రెలకు వేయాల్సిందే.

"పేలిక కట్టిన కాయ జోలికి పోతె చేతులు ఇరుగుతయ్" అని నాకూ పక్కింటి పిల్లకూ ముందే చెప్పింది. చెప్పకపోయినా బాగుండేది.

ఒక మధ్యాహ్నం పెద్దవాళ్లంతా పడుకున్నారు. వేడిగాలిలో ఆ పండు వాసన మా వాకిలి దాకా వచ్చింది. ఇద్దరం వాసన వెంట పోయాం. "ముట్టుకోవద్దు, ఉత్తగ వాసన సూసి ఒద్దాం" అంది నా దోస్తు. తుంగ తీశాం. పసుపుపచ్చగా, చారల వెంట సన్నని పగుళ్లతో ఉంది. నేను ఒక్క వేలు పెట్టాను, అంతే, అది రెండుగా విచ్చుకుంది. మేము కోయలేదు, అదే పగిలింది అని ఒకరికొకరం చెప్పుకున్నాం. ఆ తర్వాత చేతులు మోచేతుల దాకా తడిసేలా తిన్నాం. గింజలూ తొక్కలూ నేల బీటల్లో వేసి కాళ్లతో మట్టి తొక్కాం. ఎర్ర పేలికను పక్కనున్న పచ్చికాయకు కట్టి మళ్లీ తుంగ కప్పేశాం. చెరువు అడుగున దొంగసొత్తు దాచడానికి ఆ బీటలంత మంచి చోటు లేదు.

నాలుగు రోజులకు రెండోది వాసన వేసింది. దానికీ అదే గతి. మూడోది కింది సాలులో, నల్లమట్టి అంచున ఉంది. అక్కడికి పోతే కూరుకుపోతామని భయం, అందుకే బతికిపోయింది. రాత్రి అన్నం తింటూ నాయినమ్మ "ఇత్తనం కాయలు మంచిగ మాగుతున్నయ్, వాసన ఒస్తున్నది" అంటే నేను కంచంలోంచి తల ఎత్తలేదు.

ఆ వారమే ఒక సాయంత్రం కట్ట మీద పెద్దవాళ్లు కూర్చున్నారు. నీరటి తాత ఒక మాట తెచ్చాడు.

"చెల్లె, పై చెరువుల చేపలు పడ్తరట. తూము లేపుతున్నరు. ఆడ పొలాలన్ని పంట లేక పడావున్నయ్, నీళ్లన్ని మనకే ఒస్తయ్. ఉన్న కాయలు కోసుకో."

నాయినమ్మ తల ఎత్తి ఆకాశం నాలుగు పక్కలా చూసింది. "మబ్బు తునక లేదు. వానల మిరుగం కార్తె రావాలంటె ఇంక ఇరవై దినాలున్నది. నీళ్లు యాడికెళ్లి ఒస్తయ్?"

ఎదురింటి ఆంటీ అక్కడే ఉంది. "అదేంటి మామ్మగారూ, నీళ్లకీ మబ్బుకీ ఏంటండీ సంబంధం? మా వైపు ఆకాశం వంక ఎవరు చూస్తారు? కాలవకి వదిలారా లేదా, అదే చూసుకుంటాం."

"మీది కాలువ దేశం బిడ్డా. మాది మొగులు దేశం. నీళ్లంటె మీదికెళ్లి పడాలె" అంది నాయినమ్మ.

"మాది గొలుసు చెల్లె" అన్నాడు తాత. "మీది చెరువు ఇడిస్తె మాకు, మేము ఇడిస్తె కిందోళ్లకు. మొగులుతోని పనిలేదు."

ముగ్గురూ ముగ్గురే, ఎవరి నీళ్లు వాళ్లవి. నాయినమ్మ వినలేదు. ఇప్పుడు కోస్తే గింజ తాలు పోతుంది, ఇంకో పది రోజులు తీగ మీద ఉండాల్సిందే అని లేచి వచ్చేసింది. ఆ మొండితనం ఇప్పుడు నాకూ వచ్చిందని మా ఇంట్లో అంటారు.

మూడో రోజు పొద్దున ఎండ చిటచిటలాడుతోంది. నేనూ నా దోస్తూ కట్ట మీద కూర్చుని కొంగలను చూస్తున్నాం. రోజూ చెల్లాచెదరుగా ఉండేవి ఆ పూట వరసగా నిలబడి మా వైపు నడిచి వస్తున్నాయి. వాటి వెనక ఇసుకచార నల్లబడింది, తర్వాత మెరిసింది. అప్పుడు తెలిసింది అది నీళ్లని. చప్పుడు లేదు, ఉరవడి లేదు. నురగ, ఎండుపుల్లలు, చీమలు మోసుకుంటూ పలచని నీటిపొర వాగుదారి పట్టి వస్తోంది. బీటల్లోంచి పురుగులు పైకి వస్తుంటే కొంగలు దాని ముందు నడుస్తూ ఏరుకుంటున్నాయి. కట్ట దాకా వచ్చిన నీళ్లు పల్లంలో నిలిచి వెనక్కి పాకడం మొదలుపెట్టాయి. అంటే మా సాళ్ల మీదికే.

నేను కేక పెట్టాను. నాయినమ్మ చెప్పులు లేకుండా పరుగెత్తుకొచ్చింది. నీళ్లను చూసింది. అప్పుడు కూడా ఒకసారి ఆకాశం వంక చూసింది.

"పేలికలయి కోయుండ్రి! కడమయి పోనియ్!" అంది. నా చేతిలో కొడవలి పెట్టి మా ఇద్దరినీ కట్ట దింపి సాళ్లలోకి తీసుకుపోయింది. అప్పటికే కింది సాలు మునిగిపోయింది. ఆమె అటు చూసి, చెయ్యి ఊపేసి, "గది పోతె పోనియ్. రెండున్నయ్ గద, గవి సరిపోతయ్" అంది.

 ఆ రెండు ఏమిటో నాకు తెలుసు. చెప్పకపోతే ఇప్పటికి తప్పించుకుంటాను, రెండు పచ్చికాయలు ఇంటికి వస్తాయి, గింజ ఉండదు, మా ఊరి దోస అక్కడితో సరి. చెబితే ఏమవుతుందో ఊహించుకునే ధైర్యం లేదు. నా దోస్తు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నీళ్లు నా కాలివేళ్లకు తగిలాయి. గోరువెచ్చగా ఉన్నాయి.

"నాయినమ్మా, గవి ఇత్తనం కాయలు కావు. మేము తిన్నం" అన్నాను.

ఆమె వంగి తుంగ లాగింది. పచ్చికాయ, దానికి ఎర్ర పేలిక. రెండోదీ చూసింది.

"రెండూ తిన్నరా?"

"రెండూ."

"గింజలు?"

"బీటలల్ల ఏసినం."

తిట్టలేదు. అంత సమయం లేదు. చీరకుచ్చిళ్లు పైకి దోపుకుని నీళ్లలోకి దిగింది. కట్ట మీంచి నీరటి తాత అరిచాడు: "చెల్లె, నల్లమట్టిల కాలు పెట్టకు, కూరుకపోతవ్! వాగు ఇసుక మీదికెళ్లి పో!"

వాగు ఎక్కడుందో ఇప్పుడెలా కనబడుతుంది? అంతా ఒకే నీళ్లు. తాతకు కనబడనక్కర్లేదు. కర్ర చాపి చెబుతూనే ఉన్నాడు. "కుడికి. ఇంక జర కుడికి. ఆడ ఆగు, గిప్పుడు ఎడమకు తిరుగు." ఆమె ఆ గొంతు పట్టుకుని ఒక్కో అడుగూ ఇసుక తగిలిందా లేదా అని తడిమి చూసుకుంటూ నడిచింది. మోకాళ్లు మునిగాయి, తొడలు మునిగాయి. నాకు ఏడుపొచ్చింది. దోస పోతుందని కాదు. నాయినమ్మ పోతుందని.

కింది సాలు ఉన్న చోట పసుపు కాయ ఒకటి నీళ్ల మీద తేలుతోంది. ఎర్ర పేలిక పక్కనే ఆడుతోంది. తీగ ఇంకా దాన్ని పట్టుకునే ఉంది. ఆమె తీగతో సహా పీకి, కాయను కొంగులో వేసుకుని, మళ్లీ తాత గొంతు వెంటే వెనక్కి వచ్చింది.

తిట్లు కట్ట ఎక్కాక మొదలయ్యాయి. "నీ నోట్ల మన్నువడ! మంది ఆకలికి తింటరు, నువ్వు దేనికి తింటివే?" అని మొదలుపెట్టి మా ఇల్లు వచ్చేదాకా ఆపలేదు. ఆ మాటలన్నీ ఇక్కడ రాయను. ఆ రోజు నుంచి నెల రోజులు నా జడ అమ్మే వేసింది. నాకు ప్రాణం పోతుందనుకున్న ఆ జడ కోసం నేను లోలోపల ఎంత ఏడ్చానో ఎవరికీ చెప్పలేదు.

ఆ కాయను నాయినమ్మ వరిగడ్డిలో మాగబెట్టి, పులిసిన వాసన వచ్చాక కోసింది. గింజలు నీళ్లలో వేస్తే సగం పైకి తేలాయి. తేలినవి తాలు. అడుగుకు దిగినవి ఆరబెట్టి బూడిదలో కలిపి సంచిలో కట్టుకుంది. గుప్పెడు కూడా లేవు.

మరుసటి ఎండాకాలం కోసం ఎదురుచూశాం. తాబేలు గుండు తేలింది. బర్రె గుండు వీపు తడిగానే ఉండిపోయింది. పైన కొత్తగా లేచిన కాలనీల మురుగు మోరీలన్నీ వాగులో కలిపారు. చెరువులోకి నురగ వచ్చింది, సబ్బు వాసన వచ్చింది, గుర్రపుడెక్క వచ్చింది. ఆ తర్వాతి ఏడు తాబేలు గుండు కూడా తేలలేదు.

"చెరువు ఎండుడు మర్శిపోయింది చెల్లె" అన్నాడు నీరటి తాత.

నాయినమ్మకు అర్థం కాలేదు. "గిన్ని ఎండలు కొడుతున్నయ్. మొగులు మీదికెళ్లి సుక్క పడలె. పై చెరువు తూము లేపలె. మరి గీ నీళ్లు ఎవలియి?"

"మనయే నాయినమ్మా. మనం తానం చేసినయ్, బట్టలు పిండినయ్" అన్నాను నేను, బడిలో టీచరు చెప్పింది గుర్తొచ్చి.

ఆ మాట ఆమె మనసులో పడిపోయింది. మరునాటి నుంచి మా ఇంట్లో తానానికి ఒక్కొక్కరికి నాలుగు చెంబులే. నాయిన షెడ్డు నుంచి ఒళ్లంతా గ్రీజుతో వచ్చి మొత్తుకున్నా అయిదో చెంబు లేదు. ఎదురింటికి పోయి "బిడ్డా, జర నీళ్లు తక్కువ వాడుండ్రి, చెరువుల నీళ్లు దిగాలె" అని చెప్పి వచ్చింది. ఆంటీ నవ్వు ఆపుకుంటూ "అలాగేనండీ మామ్మగారూ" అంది. పొద్దున లేవగానే నాయినమ్మ కట్ట మీదికి పోయి నీళ్లు ఏమన్నా దిగాయా అని చూసేది. నేను అప్పుడు ఇంటింటికీ చెప్పుకుని నవ్వాను. ఇప్పుడు గుర్తొస్తే నవ్వు రాదు.

నాలుగు గింజలు పాత లారీ టైరులో మట్టి పోసి పెట్టి చూసింది. తీగ సాగింది, పూసింది, పిందెలన్నీ రాలిపోయాయి. మూడో ఎండాకాలం వచ్చేసరికి ఇంకా ఉంచితే గింజ చస్తుందని ఆమెకు తెలిసిపోయింది. ఒకరోజు అమ్మకు చెప్పకుండా నన్ను వెంటబెట్టుకుని ఎల్బీనగర్‌లో బస్సెక్కింది. మా ఊరికేమో అనుకున్నాను. పెద్ద అంబర్‌పేట్‌లో దిగింది. ఊరికి పోయి వచ్చినప్పుడల్లా బస్సులోంచి చూసే తోట ఒకటి రోడ్డు పక్కనే ఉంది. అక్కడ ఒకామె వంకాయ మడిలో కలుపు తీస్తోంది. మాకు ముఖపరిచయం కూడా లేదు.

పిల్లనిచ్చేవాళ్లు అడిగినట్టు అడిగింది నాయినమ్మ. బావిలో నీళ్లు ఎండాకాలం ఉంటాయా, మన్ను ఏ తీరు, ఇంట్లో కూరలు తినేవాళ్లు ఎందరు అని. అన్నీ విని, సంచి విప్పి మూట ఆమె చేతిలో పెట్టింది. "పైసలొద్దు. మూడు కాయలు ఇత్తనానికి ఇడువు, అంతే." తర్వాత నా వైపు తిరిగి, "చెప్పవే. ఏ కాయకు కట్టాలె, ఎన్ని దినాలు ఉంచాలె, చెప్పు" అంది. దొంగతో పాఠం చెప్పించింది. నేను చెప్పాను. తోట ఆమె నవ్వుతూ "గట్లనే అవ్వా" అంది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. "మనకు నాలుగన్న ఉంచుకుంటె అయితుండె గద" అన్నాను. "ఉంచి ఏడ పెడ్దునే? జాగ లేదు" అంది. బయట వెనక్కి పోతున్న తోటలనే చూసింది. తర్వాత నా వైపు తిరగకుండానే అడిగింది.

"ఎట్లుండెనే?"

"ఏంది నాయినమ్మా?"

"గదే. నువ్వు తిన్న పండు."

ఇన్నాళ్లలో ఆ సంగతి ఎత్తడం అదే మొదలు. తిడుతుందేమోనని మొహం చూశాను. తిట్టే మొహం కాదు. అప్పుడు తట్టింది నాకు. పెళ్లయి వచ్చిననాటి నుంచి ఆ దోస పండించిన మనిషి, బలమైన తీగకు కాసిన మంచి కాయను పండిన రోజున ఒక్కసారి కూడా నోట్లో పెట్టుకోలేదు. అది ఎప్పుడూ గింజకే పోయింది. చేతికి వచ్చేసరికి పులిసిపోయి బర్రెలకు పోయింది.

నాకు సిగ్గేసింది. మెల్లగా చెప్పడం మొదలుపెట్టాను. వేలు తగలగానే విచ్చుకుందని, లోపల తెల్లగా పిండిపిండిగా ఉందని, నాలుక మీద పెడితే నమలకుండానే కరిగిందని, ముందు చల్లగా తగిలి తర్వాత తీపి తెలిసిందని. ఆమె కళ్లు మూసుకుని వింది. "ఇంక?" అంది. ఇంకా చెప్పాను. ఉన్నవన్నీ అయిపోయాక లేనివి కూడా కల్పించి చెప్పాను. ఎల్బీనగర్ అని కండక్టరు అరిచేదాకా చెబుతూనే ఉన్నాను.

దిగేటప్పుడు నా భుజం పట్టుకుని మెట్టు మీద ఒక్క క్షణం ఆగింది.

"రెండోది గూడ గట్లనే ఉండెనా?"

"గట్లనే ఉండె నాయినమ్మా" అన్నాను.

నిజానికి రెండోది ఇంకా బాగుండింది. ఆ మాట ఆమెకు చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఇప్పుడు చెబుతున్నాను.